ఏ వేలు, ఏ వేళ? చేతి సమస్యలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాల్లో చేతికీ మణికట్టుకూ సంబంధించినవే ఎక్కువగా ఉన్నాయి. చాలామంది "చెయ్యి నొప్పిగా ఉంది", "చేతులు తిమ్మిరెక్కుతున్నాయి" అని ఒక్క ముక్కలో రాసి, ఆ తర్వాత ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లన్నీ వరుసగా ఇచ్చారు. మందుల పేర్ల కంటే ముందు నాకు కావలసింది వేరే ఉంది: ఏ వేలు, ఏ వైపు, ఏ వేళలో. మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14, మొత్తం 27 ఎముకలున్న ఈ చిన్న చోట ఒక్కొక్క నరానికి ఒక్కొక్క హద్దు ఉంది. తిమ్మిరి ఏ హద్దులో ఆగిందో తెలిస్తే నొక్కుకుపోయిన నరం ఏదో చాలావరకు తెలిసినట్టే. అందుకే నా దగ్గరికి వచ్చినవారికి ముందు ఒక పెన్ను ఇచ్చి, తిమ్మిరి ఎక్కడిదాకా వస్తోందో చేతి మీదే గీసి చూపించమంటాను. ఈ జవాబులు మీ వైద్యుడు చేసే పరీక్షకు బదులు కావు. ఆయనకు ఏం చెప్పాలో, ఆయన్ను ఏం అడగాలో తెలుసుకోవడానికి పనికొస్తాయి.

ప్రశ్న: నా వయసు 46. ఆరు నెలలుగా అర్ధరాత్రి కుడి చెయ్యి తిమ్మిరెక్కి, సూదులు గుచ్చినట్టయి మెలకువ వస్తోంది. లేచి కూర్చుని చెయ్యి విదిలిస్తే కాసేపటికి తగ్గుతుంది. ఈ మధ్య గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోంది, పట్టుకున్నవి జారిపోతున్నాయి. రక్తం సరిగా ఆడడం లేదని ఒకరు, మెడ ఎముకలు అరిగాయని ఇంకొకరు అన్నారు. రెండు నెలలు విటమిన్ మాత్రలు వాడినా గుణం కనిపించలేదు. ఆపరేషన్ అంటే నరం తెగిపోతుందేమోనని భయంగా ఉంది. (ఒక పాఠకురాలు)

జవాబు: "విదిలిస్తే తగ్గుతుంది" అని మీరు రాసిన మాటలోనే సగం రోగ నిర్ధారణ ఉంది. రాత్రి నిద్ర చెడగొట్టే తిమ్మిరి, చెయ్యి విదిలించగానే తగ్గడం, చిన్న చిన్న పనుల్లో పట్టు తప్పడం, ఈ మూడూ కలిసి వచ్చినప్పుడు మొదట అనుమానించవలసింది కార్పల్ టనెల్ సిండ్రోమ్‌ను. మణికట్టు దగ్గర అరచేతి వైపున ఒక సన్నని సొరంగం ఉంటుంది. దాని నేల, గోడలు మణికట్టు ఎముకలు. పైకప్పు ఒక మందపాటి పట్టీ. వేళ్లను ముడిచే 9 టెండాన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల లాంటివి, వాటితో పాటు మీడియన్ అనే ఒకే ఒక నరం ఆ ఇరుకులోంచే అరచేతిలోకి వెళ్లాలి. ఎముక సాగదు, పట్టీ సాగదు. లోపల కొద్దిగా వాపు వచ్చినా నలిగేది నరమే. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు ముడుచుకుపోతుంది, దాంతో సొరంగంలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. రాత్రి వేళ బాధ ఎక్కువ కావడానికి ప్రధాన కారణం అదే.

ఈ నరం పరిధిలోకి వచ్చేవి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలిలో బొటనవేలి వైపు సగం. చిటికెన వేలు దీని కిందికి రాదు. ఈ రాత్రి మెలకువ వచ్చినప్పుడు చెయ్యి విదిలించే ముందు ఒక్క నిమిషం ఆగి, వేళ్లను ఒక్కొక్కటిగా తాకి చూసుకోండి. చిటికెన వేలు మామూలుగా ఉండి, తక్కినవి మొద్దుబారి ఉంటే, మీ వైద్యుడికి ఆ ఒక్క సంగతి చెప్పండి చాలు. తప్పు మెడలోనే ఉంటే సాధారణంగా మెడ తిప్పినప్పుడు బాధ మారుతుంది, భుజం నుంచి మోచేతి మీదుగా కిందికి పోటు వస్తుంది. కొందరిలో రెండు సమస్యలూ కలిసే ఉంటాయి కాబట్టి, మెడ ఎక్స్‌రేలో అరుగుదల కనిపించినంత మాత్రాన మణికట్టును వదిలేయకూడదు. మీ వయసు వచ్చేసరికి మెడలో కొంత అరుగుదల చాలామందికి ఉంటుంది. అది నొప్పికి కారణం కావాలనేమీ లేదు.

ఇంకొకటి ఇప్పుడే చూసుకోండి. రెండు అరచేతులు పక్కపక్కన పెట్టి, బొటనవేళ్ల మొదట్లో ఉండే కండను పోల్చండి. కుడివైపు కండ ఎడమదాని కంటే పల్చబడి, అంచున పల్లంగా కనిపిస్తుంటే, లేదా బొటనవేలిని అరచేతికి ఎదురుగా పైకి లేపడం బలహీనంగా ఉంటే, నరం చాలాకాలంగా నలుగుతోందని అర్థం. అప్పుడు వాయిదా వేయడం మంచిది కాదు. కండ ఒకసారి పూర్తిగా కరిగిపోతే, ఆపరేషన్ తర్వాత కూడా అది తిరిగి రాకపోవచ్చు.

వైద్యుడు మీ మణికట్టును నిమిషం పాటు ముడిచి ఉంచి తిమ్మిరి వస్తుందేమో చూస్తారు, నరం మీద వేలితో తట్టి చూస్తారు, అవసరమైతే నరాల వేగం కొలిచే పరీక్ష రాస్తారు. ఆ పరీక్ష కొంచెం చురుక్కుమంటుంది కానీ ప్రమాదం లేదు. షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకున్నారో లేదో మీరు రాయలేదు. చేయించుకోండి, మధుమేహం, థైరాయిడ్ తక్కువగా పనిచేయడం, కీళ్లవాతం, అధిక బరువు, ఇవన్నీ ఈ సమస్యకు తోడయ్యేవే. విటమిన్ మాత్రల గురించి ఒక్క మాట. బీ12 నిజంగా లోపించినవారికి అది తప్పకుండా ఇవ్వాలి, కానీ ఆ లోపం వల్ల వచ్చే తిమ్మిరి సాధారణంగా రెండు పాదాల్లో మొదలవుతుంది. నలిగిన నరాన్ని విటమిన్ విడిపించలేదు. పైగా బీ6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి మింగితే అదే నరాలను దెబ్బతీస్తుంది. పరీక్ష చేయించుకోకుండా మళ్లీ మళ్లీ కొనుక్కోవద్దు.

కండ బాగానే ఉండి, తిమ్మిరి వచ్చిపోతూ ఉన్న దశలో మొదటి చికిత్స రాత్రిపూట మణికట్టును నిటారుగా ఉంచే స్ప్లింట్. కనీసం ఆరు వారాలు ప్రతి రాత్రీ వేసుకోవాలి. కొనేటప్పుడు చూసుకోవలసింది ఒకటుంది: కొన్ని స్ప్లింట్లలో ఉండే లోహపు పట్టీ మణికట్టును వెనక్కి వంచి ఉంచుతుంది. దాన్ని తీసి చదునుగా చేసి మళ్లీ దూర్చాలి. వేళ్లు స్వేచ్ఛగా కదలాలి, పట్టీ బిగుతుగా ఉండకూడదు. దీనితో తగ్గకపోతే సొరంగంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. చాలామందికి అది కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు హాయినిస్తుంది, కొందరికి అంతకంటే ఎక్కువ కాలం కూడా.

గుండీలు పెట్టుకోలేకపోతున్నానన్నారు కాబట్టి, మీ విషయంలో ఆపరేషన్ మాట కూడా రావచ్చు. అందులో కోసేది పైకప్పుగా ఉన్న పట్టీని, నరాన్ని కాదు. అరచేతి మొదట్లో మొద్దుబార్చే మందు ఇచ్చి, మీరు మెలకువగా ఉండగానే చేస్తారు. అరగంట కూడా పట్టదు. చిన్న కోతతో చేసినా, సన్నని కెమెరా గొట్టంతో చేసినా ఏడాది తిరిగాక ఫలితం దాదాపు ఒకటే. నరానికి గాయం కావడం, ఇన్ఫెక్షన్ రావడం అసలే జరగవని చెప్పను గానీ, అరుదు. రాత్రి బాధ చాలామందికి కొద్ది రోజుల్లోనే పోతుంది. ఎప్పుడూ ఉండే మొద్దుతనం మాత్రం నెలల మీద తగ్గుతుంది, కొంత మిగిలిపోనూవచ్చు. అరచేతి మొదట్లో నొక్కితే నొప్పి, పట్టు తగ్గడం రెండు మూడు నెలలు ఉంటాయి. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఆపరేషన్ చెడిపోయిందని బెంగపడతారు; అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: నాకు ఏడో నెల. రెండు చేతులకూ ఇలాంటి తిమ్మిరే వస్తోంది. బిడ్డకు ప్రమాదమా? (ఒక పాఠకురాలు)

జవాబు: బిడ్డకు ఏ ప్రమాదమూ లేదు. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో నీరు చేరి అదే సొరంగం ఇరుకవుతుంది. రాత్రి స్ప్లింట్ వేసుకోండి, చేతులు దిండు మీద కాస్త ఎత్తుగా పెట్టుకోండి. ప్రసవమైన కొన్ని వారాలకో నెలలకో చాలామందికి దానంతటదే తగ్గుతుంది. అయితే చేతులతో పాటు ముఖం కూడా ఒక్కసారిగా ఉబ్బడం, విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకబారడం ఉంటే అది చేతి సమస్య కాదు, రక్తపోటు సమస్య కావచ్చు. అదే రోజు మీ వైద్యురాలికి చూపించుకోవాలి.

ప్రశ్న: మా పాపకు నాలుగు నెలలు. నెల రోజులుగా బొటనవేలి వైపు మణికట్టు మీద భరించలేని నొప్పి. పాపను చంకల కింద పట్టుకుని ఎత్తినప్పుడు ప్రాణం పోయినట్టుంటుంది. పాలిస్తున్నాను కనుక మందులంటే భయం. (ఒక తల్లి)

జవాబు: నొప్పి ఎప్పుడు వస్తుందో మీరే సరిగ్గా చెప్పారు. బొటనవేలిని పక్కకు, పైకి లాగే రెండు టెండాన్లు మణికట్టు పక్కన ఒకే గొట్టంలోంచి వస్తాయి. ఆ గొట్టం గోడ దళసరెక్కి అవి రాపిడి పడడమే మీ బాధ. 1895లో దీన్ని వర్ణించిన స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వెన్ పేరుతోనే పిలుస్తారు. పసిపిల్లల తల్లుల్లో ఇది ఎంత తరచుగా కనిపిస్తుందంటే, బిడ్డను ఎత్తుకుని గదిలోకి వచ్చిన తల్లి తన మణికట్టు పట్టుకుని చూపగానే విషయం అర్థమైపోతుంది.

ముందు మార్చుకోవలసింది ఎత్తే తీరు. బొటనవేళ్లు వెడల్పుగా చాచి చంకల కింద పట్టుకుని లేపినప్పుడు బిడ్డ బరువంతా ఆ రెండు టెండాన్ల మీదే పడుతుంది. దానికి బదులు ఒక అరచేయి పాప పిరుదుల కిందికి, ఇంకొకటి మెడ, వీపు కిందికి పోనిచ్చి, బొటనవేళ్లను తక్కిన వేళ్లకు ఆనించి, బరువు ముంజేతుల మీదికి వచ్చేలా ఎత్తుకోండి. పాలిచ్చేటప్పుడు పాప తలను మణికట్టు వంచి మోయకుండా, చేతి కింద దిండు పెట్టుకోండి. బొటనవేలిని కూడా కలిపి పట్టి ఉంచే స్ప్లింట్ మూడు నాలుగు వారాలు వాడాలి. మణికట్టుకు మాత్రమే వేసే మామూలు పట్టీ దీనికి చాలదు.

పాలిచ్చే తల్లులు నిక్షేపంగా వాడదగిన నొప్పి మాత్రలు ఉన్నాయి, మీ వైద్యుణ్ణి అడిగి తీసుకోండి. ఆ గొట్టంలోకి ఒక్క స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో చాలామందికి పూర్తిగా తగ్గుతుంది, దానికోసం సాధారణంగా పాలు మాన్పించనక్కర లేదు. సూది వేసిన చోట చర్మం తెల్లబడడం, కాస్త పల్చబడడం కొందరిలో జరుగుతుంది. నెలల మీద అది చాలావరకు సర్దుకుంటుంది. ఇంకొక మనవి. బొటనవేలిని పిడికిట్లో పెట్టి మణికట్టును చిటికెన వేలి వైపు వంచే పరీక్షను వీడియోల్లో చూసి, రోజూ చేసుకుని తగ్గిందా లేదా అని చూసేవాళ్లున్నారు. అలా వంచిన ప్రతిసారీ వాచిన టెండాన్‌ను మళ్లీ గీరినట్టే. దయచేసి మానండి.

ప్రశ్న: నా వయసు 58, పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. పొద్దున లేచేసరికి ఉంగరపు వేలు ముడుచుకుపోయి ఉంటుంది. రెండో చేత్తో లాగితే టక్కుమని తెరుచుకుంటుంది. కీలు తొలగిందని చెప్పి ఒకాయన రెండుసార్లు గట్టిగా లాగాడు, ఇప్పుడు ఇంకా వాచింది. (ఒక పాఠకుడు)

జవాబు: మీ కీలు తొలగలేదు. ఇకమీదట ఎవరినీ లాగనివ్వకండి. నొప్పి వేలి మధ్య కణుపులో తెలుస్తుంది గానీ తప్పు అక్కడ లేదు, అరచేతిలో ఉంది. వేలిని ముడిచే టెండాన్ ఎముకకు అంటిపెట్టుకుని ఉండేలా వేలి పొడవునా ఉంగరాల్లాంటి పట్టీలు ఉంటాయి, గాలానికి దారం నడిపే వలయాల మాదిరిగా. వేలి మొదట్లో ఉన్న మొదటి వలయం దళసరెక్కి, టెండాన్ మీద చిన్న ముడి లాంటి ఉబ్బు వస్తే, వేలు ముడిచేటప్పుడు ఆ ముడి ఎలాగో దాటిపోతుంది, తెరిచేటప్పుడు ఇరుక్కుంటుంది. బలవంతాన దాటినప్పుడు వచ్చేదే ఆ టక్కుమనే చప్పుడు. అరచేతిలో ఉంగరపు వేలికి ఎదురుగా ఉన్న అడ్డగీత దగ్గర రెండో చేతి బొటనవేలితో నొక్కి పట్టి, వేలిని మెల్లగా ముడిచి తెరవండి. బఠాణీ గింజంత ముడి మీ వేలి కింద జరగడం తెలుస్తుంది. తుపాకీ ట్రిగ్గర్ లాగి వదిలినట్టు ఉంటుంది కనుక దీన్ని ట్రిగ్గర్ ఫింగర్ అంటారు.

మధుమేహం ఉన్నవారికి ఇది తక్కినవారి కంటే చాలా ఎక్కువగా వస్తుంది, తరచుగా ఒకటి కంటే ఎక్కువ వేళ్లకు వస్తుంది. వలయంలోకి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదటి చికిత్స. సగానికి పైగా మందికి దానితో సరిపోతుంది. షుగర్ ఉన్నవారిలో మాత్రం అది అంతగా పనిచేయదు, పైగా కొన్ని రోజుల పాటు షుగర్ పెరుగుతుంది. ఇంజెక్షన్ తీసుకునే ముందు మీ షుగర్ ఎంత అదుపులో ఉందో చెప్పండి, ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో పరీక్ష చేసుకుంటూ ఉండండి. ఒకటి రెండు ఇంజెక్షన్లకు లొంగకపోతే ఆ వలయాన్ని తెరిచే చిన్న ఆపరేషన్ చేస్తారు. చెయ్యి మొద్దుబార్చి, వలయం తెరిచాక, "ఇప్పుడు వేలు ముడవండి, తెరవండి" అని బల్ల మీదే అడుగుతారు. ఏళ్లుగా టక్కుమంటున్న వేలు చప్పుడు లేకుండా తెరుచుకోవడం రోగి అక్కడికక్కడే చూసుకుంటాడు. ఆ క్షణం నాకు ఇప్పటికీ సంతోషమే.

వాయిదా వేస్తే వచ్చే నష్టం ఇది: ఎక్కువకాలం ముడుచుకునే ఉన్న వేలిలో కణుపు కూడా బిగుసుకుపోతుంది. అప్పుడు వలయం తెరిచినా వేలు పూర్తిగా చాపలేరు. మీరు ఇంకొకటి కూడా చూసుకోండి. రెండు అరచేతులు జోడించి వేళ్లను ఒకదానికొకటి గట్టిగా ఆనించినప్పుడు వేళ్ల మధ్య ఖాళీ మిగిలిపోతుంటే, చాలాకాలపు మధుమేహం వల్ల కీళ్ల చుట్టూ చర్మం, కణజాలం బిగుసుకుంటున్నాయని గుర్తు. అది నొప్పి లేకుండా మెల్లగా వస్తుంది గనుక చాలామంది గమనించరు. అది కనిపిస్తే చేతులతో పాటు కళ్లు, మూత్రపిండాలు కూడా పరీక్ష చేయించుకోవాలి.

ప్రశ్న: మా బాబుకు రెండేళ్లు. బొటనవేలి చివరి కణుపు ముడుచుకునే ఉంటుంది, తెరవబోతే ఏడుస్తాడు. ఎప్పుడు పడ్డాడో తెలియదు. (ఒక తండ్రి)

జవాబు: పడడం వల్ల వచ్చింది కాకపోవచ్చు. పసిపిల్లల బొటనవేలిలోనూ పైన చెప్పినట్టే టెండాన్ మీద ముడి ఏర్పడుతుంది. ఒకసారి పిల్లల వైద్యుడికో చేతి శస్త్రవైద్యుడికో చూపించి అదేనని నిర్ధారించుకుంటే, తర్వాత తొందరపడనక్కర లేదు. చాలామంది పిల్లల్లో కాలం గడిచేకొద్దీ దానంతటదే తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే చిన్న ఆపరేషన్‌తో పోతుంది. బలవంతంగా తెరవకండి.

ప్రశ్న: నా వయసు 24. మణికట్టు పైభాగాన గోళీకాయంత గడ్డ లేచింది, నొప్పి లేదు. కొన్ని రోజులు పెద్దదై మళ్లీ తగ్గుతోంది. క్యాన్సరా? బరువైన పుస్తకంతో కొడితే పోతుందని స్నేహితులంటున్నారు. (ఒక విద్యార్థిని)

జవాబు: పెరుగుతూ తగ్గుతూ ఉండడమే ఊరట కలిగించే సంగతి, క్యాన్సర్ గడ్డలు అలా తగ్గవు. ఇది గాంగ్లియన్ అయి ఉంటుంది: కీలు పొర నుంచి బయటికి పొడుచుకొచ్చిన, చిక్కటి జెల్లీ లాంటి ద్రవం నిండిన సంచి. చీకటి గదిలో టార్చిలైటు ఆనిస్తే లోపలినుంచి వెలుగు కనిపిస్తుంది. సుమారు సగం మందిలో ఏ చికిత్సా లేకుండానే పోతుంది కనుక, నొప్పి లేనప్పుడు వదిలేయడమే నా సలహా. సూదితో ద్రవం లాగేస్తే సగానికి పైగా తిరిగి వస్తాయి, ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని తిరిగి వస్తాయి. పుస్తకంతో కొట్టే పద్ధతి పాతదే గానీ అందులో ఎముక చిట్లిన సందర్భాలున్నాయి, ఆ పని చేయకండి. గడ్డ గట్టిగా ఉండి ఆగకుండా పెరుగుతున్నా, రాత్రి నొప్పి పెడుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా మాత్రం చూపించుకోవాలి.

ప్రశ్న: నా వయసు 21. అయిదు వారాల క్రితం ఆడుతూ అరచేతుల మీద బోర్లా పడ్డాను. ఎక్స్‌రేలో ఏమీ లేదు, బెణుకు అన్నారు. వాపు పోయింది. కానీ నేల మీద చెయ్యి ఆనించి లేవబోతే బొటనవేలి మొదట్లో పోటు వస్తోంది. (ఒక పాఠకుడు)

జవాబు: ఈ ఉత్తరాన్ని మామూలు బెణుకుగా తీసుకోలేను. బొటనవేలిని పైకి చాపండి. మణికట్టు పక్కన రెండు టెండాన్ల మధ్య ఒక చిన్న గుంట ఏర్పడుతుంది. పూర్వం నశ్యం పీల్చేవారు పొడి అక్కడ పోసుకునేవారట, అందుకే వైద్యంలో దానికి నశ్యపు డబ్బా అన్న పేరు స్థిరపడింది. ఆ గుంటలో వేలితో నొక్కితే చురుక్కుమంటోందా? రెండో చేతి గుంటలో నొక్కి పోల్చుకోండి. తేడా స్పష్టంగా ఉంటే, మరో విధంగా రుజువయ్యేదాకా స్కాఫాయిడ్ అనే ఎముక విరిగిందనే అనుకోవాలి.

ఈ ఎముక చిన్నది, పడవ ఆకారంలో ఉంటుంది. పేరుకు అర్థం కూడా అదే. పడిన రోజున తీసిన ఎక్స్‌రేలో దీని పగులు కనిపించకపోవడం అసాధారణం కాదు. అందుకే అనుమానం ఉన్నప్పుడు కట్టు వేసి 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీయాలి, లేదా ఎమ్మారై చేయాలి. ఎమ్మారైలో మొదటి రోజుల్లోనే తెలుస్తుంది. మిమ్మల్ని మళ్లీ రమ్మని చెప్పలేదో, వాపు పోయిందని మీరే వెళ్లలేదో నాకు తెలియదు. ఏమైనా ఇప్పుడు వెళ్లండి, "స్కాఫాయిడ్ కోసం ప్రత్యేకంగా తీయండి" అని అడగండి. ఆ ఎముక కనిపించడానికి మణికట్టును వేరే కోణాల్లో పెట్టి తీయాలి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఈ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్ల వైపు చివర నుంచి లోపలికి వచ్చి వెనక్కి ప్రవహిస్తుంది. నడుమ విరిగితే ముంజేతి వైపు ముక్కకు రక్తం అందక అది అతకకపోవచ్చు, చచ్చుబడిపోనూవచ్చు. అతకని స్కాఫాయిడ్ కొన్నాళ్లు నొప్పి లేకుండా ఊరుకుంటుంది; ఏళ్లు గడిచాక మణికట్టంతా అరిగి, పట్టు పోయి, పనిచేసుకునే వయసులోనే చేతిని కుంటుపరుస్తుంది. కదలని పగులు అయితే సుమారు 6 నుంచి 12 వారాల కట్టుతో చాలావరకు అతుకుతుంది. ముక్కలు జరిగితే లోపల స్క్రూ వేస్తారు. అతకక నెలలు గడిస్తే వేరేచోటి ఎముక తెచ్చి పెట్టవలసి వస్తుంది. పొగ తాగే అలవాటుంటే ఎముక అతుక్కునేదాకానైనా పూర్తిగా మానేయండి; పొగ ఎముక అతుకును నిజంగానే ఆలస్యం చేస్తుంది.

ప్రశ్న: నా వయసు 61. తాళం తిప్పబోయినా, సీసా మూత తీయబోయినా బొటనవేలి మొదట్లో నొప్పి. వేళ్ల చివరి కణుపుల దగ్గర బుడిపెలు వచ్చాయి. మా అక్కయ్యకు కీళ్లవాతం వచ్చి వేళ్లు వంకరపోయాయి. నాకూ అదేనా? (ఒక పాఠకురాలు)

జవాబు: ఇక్కడ కూడా ఏ కణుపు, ఏ వేళ అన్నదే దారి చూపుతుంది. మీ అక్కయ్యగారికి వచ్చిన రుమటాయిడ్ కీళ్లవాతం సాధారణంగా వేళ్ల మొదటి కణుపులను, మధ్య కణుపులను, మణికట్టును పట్టుకుంటుంది, చివరి కణుపులను చాలావరకు వదిలేస్తుంది. రెండు చేతులకూ సమానంగా వస్తుంది. పొద్దున లేచాక అరగంట, గంటకు పైగా పిడికిలి పట్టనివ్వదు. మీరు చెప్పిన చివరి కణుపుల బుడిపెలు, బొటనవేలి మొదటి నొప్పి అరుగుదల లక్షణాలు. పొద్దుటి బిగుతు కొద్ది నిమిషాల్లో పోయి, పనిచేస్తున్నకొద్దీ నొప్పి పెరుగుతుంటే అరుగుదలే. దీనితో చేతులు అక్కయ్యగారి చేతుల్లా అవుతాయన్న భయం వద్దు. అయినా కుటుంబంలో ఆ జబ్బు ఉంది కనుక ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. రుమటాయిడ్ అని తేలినవారు తొలి నెలల్లోనే మందు మొదలుపెడితే వేళ్లు వంకరపోకుండా చాలావరకు ఆపవచ్చు. ఆ జబ్బుకు వాడే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మీ అక్కయ్యగారు వాడుతుంటే ఈ మాట ఆమెకూ చెప్పండి.

మీ బొటనవేలి విషయానికి వస్తే, వేలి కొసలతో ఒక కిలో బలంతో ఒక వస్తువును పట్టుకుంటే, బొటనవేలి మొదటి కీలు మీద దానికి సుమారు 12 రెట్ల భారం పడుతుంది. అందుకే తాళంచెవి తిప్పడం లాంటి చిన్న పనే అంత బాధిస్తుంది. తాళంచెవికి, పెన్నుకు, కత్తి పిడికి మెత్తటి గుడ్డో రబ్బరు తొడుగో చుట్టి లావు చేయండి. మూతలను వేలి కొసలతో కాకుండా అరచేయి మొత్తం ఆనించి తిప్పండి. పని చేసేటప్పుడు బొటనవేలి మొదటిని పట్టి ఉంచే చిన్న స్ప్లింట్, పైన రాసుకునే నొప్పి జెల్, బొటనవేలి కండలకు బలమిచ్చే వ్యాయామాలు, ఇవి కొన్ని నెలలు శ్రద్ధగా చేసినవారిలో చాలామందికి ఆపరేషన్ మాటే రాదు. వీటికి లొంగనివారికి అరిగిన చిన్న ఎముకను తీసేసే ఆపరేషన్ ఉంది. నొప్పి బాగా తగ్గుతుంది గానీ కోలుకోవడానికి నెలలు పడుతుందని తెలిసి ఒప్పుకోవాలి.

ప్రశ్న: చిటికెన వేలు, ఉంగరపు వేలు మాత్రమే తిమ్మిరెక్కుతున్నాయి. మణికట్టు స్ప్లింట్ వాడినా తగ్గలేదు. (ఒక పాఠకుడు)

జవాబు: తగ్గకపోవడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే అది వేరే నరం. మోచేతి లోపలివైపు ఎముక వెనకగా వెళ్లే అల్నార్ నరం అక్కడ నలుగుతూ ఉండవచ్చు. మోచేయి దేనికైనా తగిలితే జివ్వుమనేది అదే. ఫోను చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు మాట్లాడడం, మోచేతులు బల్ల మీద ఆనించి కూర్చోవడం, చెయ్యి ముడిచి తల కింద పెట్టుకుని నిద్రపోవడం మానండి. రాత్రి మోచేతికి తువ్వాలు వదులుగా చుట్టుకుంటే అది పూర్తిగా ముడుచుకోకుండా ఉంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చేతి వెనకవైపు కండ పల్లం పడుతుంటే ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

ప్రశ్న: నా భార్యకు షుగర్ ఉంది. రెండు రోజుల క్రితం నడిమివేలిలో ముల్లు గుచ్చుకుంది. తీసేశాం. ఇప్పుడు వేలంతా వాచి ముడుచుకుని ఉంది, కాస్త చాపబోతే అరుస్తోంది. యాంటీబయాటిక్ మాత్రలు వేస్తున్నాం. ఇంకెన్ని రోజులు వేయాలి? (ఒక పాఠకుడు)

జవాబు: ఈ ఉత్తరం చూసిన వెంటనే, పత్రిక వచ్చేదాకా ఆగకుండా, ఆస్పత్రికి వెళ్లమని వీరికి కబురు చేశాం. తక్కిన పాఠకుల కోసం ఇక్కడ రాస్తున్నాను. గోరు పక్కన చీము పట్టే గోరుచుట్టు వేరు. అది బాధపెడుతుంది గానీ ఒక మూలనే ఉంటుంది. టెండాన్ చుట్టూ ఉండే గొట్టంలో చీము చేరడం అలా కాదు. దానికి నాలుగు గుర్తులను అమెరికన్ శస్త్రవైద్యుడు అలెన్ కెనవెల్ వంద సంవత్సరాల క్రితం చెప్పాడు, ఈ రోజుకూ వాటినే చూస్తాం. వేలు ఒకచోట కాకుండా పొడవునా సమానంగా వాస్తుంది. కాస్త ముడుచుకునే ఉంటుంది. అరచేతి వైపు టెండాన్ దారి పొడవునా నొక్కితే నొప్పి. అన్నిటికంటే ముఖ్యంగా, వేరొకరు ఆ వేలిని కొద్దిగా చాపబోయినా భరించలేని నొప్పి. ఈయన తెలియకుండానే వీటిలో మూడు రాశారు.

ఆ ఇరుకు గొట్టంలో చీము ఒత్తిడికి టెండాన్‌కు రక్తం అందక అది కుళ్లిపోతుంది. ఒకటి రెండు రోజుల తేడాతో వేలు పనికిరాకుండా పోవచ్చు, మధుమేహం ఉన్నవారిలో వేలినే తీసేయవలసి రావచ్చు. మాత్రలతో ఎదురుచూడకూడదు. రక్తనాళంలోకి యాంటీబయాటిక్ ఎక్కించి, చాలామందికి ఆ రోజే గొట్టం తెరిచి కడుగుతారు. వెళ్లేటప్పుడు మత్తు ఇవ్వవలసి రావచ్చు కాబట్టి ఏమీ తినకుండా వెళ్లండి, షుగర్ మందు ఎప్పుడు వేసుకున్నారో రాసిపెట్టుకుని చెప్పండి. దారిలో చేతిని గుండె కంటే ఎత్తుగా పట్టుకోండి. ఆ చేతికి ఏ వేలికైనా ఉంగరం ఉంటే ఇంట్లోనే, సబ్బు నీళ్లు రాసి, ఇప్పుడే తీసేయండి. వాపు ఇంకా పెరిగాక దాన్ని కత్తిరించి తీయవలసి వస్తుంది.